నీరు ఎక్కువైన దుంప

ధ్యానభాగము: మార్కు సువార్త 4:26–29



మేము నివసించు పాస్టరు ఇంటి ముందర, బావికిని మెట్లకును నడుమ, పది అడుగుల పొడవు నాలుగు అడుగుల వెడల్పు గల చిన్న మడి యొకటి ఉన్నది. దానిలో ప్రతి సంవత్సరము డేలియా మొక్కలు పెంచుచున్నాము. మదనపల్లె ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నుండుటచేత ఇక్కడి చలికాలము ఆ మొక్కకు సరిపడును. సెప్టెంబరు మొదట దుంపలు నాటినయెడల దాదాపు మూడు నెలలకు, క్రిస్మసు నాటికి పూలు వచ్చును. ఎరుపు, పసుపు, ఊదా, తెలుపు రంగులలో అరచేతికంటె పెద్దవైన పూలు; ఎవరో కూర్చుండి లెక్కపెట్టి పేర్చినట్లుగా రేకులు వరుసదీరి యుండును. పండుగ ఉదయమున దేవాలయపు బల్లమీద ఆ పూలనే ఉంచుదుము.

వాటికి వాసన లేదు. "వాసన లేని పువ్వు దేవుని బల్లమీద ఎందుకయ్యా?" అని సంఘములోని ఒక అవ్వ మమ్మును అడిగెను. "దేవుడు దీనికి వాసన ఇయ్యలేదు అవ్వా, రంగు ఇచ్చినాడు. ఇచ్చినదానిని అది తెచ్చుచున్నది" అని చెప్పితిమి. ఆమె నవ్వి ఊరకుండెను.

పువ్వునుగూర్చి అందరును అడుగుదురు; దుంపనుగూర్చి ఎవరును అడుగరు. ఈ మాసము మేము ఆ దుంపనుగూర్చియే వ్రాయదలచితిమి. అది మాకొక పాఠము నేర్పినది. ఆ పాఠమును సెమినరీలో పుస్తకముల ద్వారా నేర్చుకొని, పరీక్షలో వ్రాసి, సంఘములోనికి వచ్చిన తరువాత మరచిపోతిమి. మేము మరచినందున ఒక మనుష్యునికి మావలన గాయము కలిగెను. గనుక సిగ్గుపడుచునే వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలి కుమారుడు అప్పుచేసి టమోటా పంట పెట్టెను. పంట బాగుగానే వచ్చెను గాని ధర పడిపోయెను. కోతకూలియు బండి బాడుగయు కూడ రాకపోగా కాయలను చేనిలోనే వదలివేయవలసి వచ్చెను. అప్పులవాండ్రు ఇంటికి వచ్చుచుండిరి. ఆ యువకుడు త్రాగుటకు మొదలుపెట్టెను. ఆరాధనకు వచ్చుట మానెను. తల్లి మాయొద్దకు వచ్చి మెట్లమీద కూర్చుండి ఏడ్చెను.

మేము వెంటనే లేచితిమి. సంఘ పెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకొని ఆ సాయంకాలమే వారి ఇంటికి పోతిమి. వాక్యము చదివితిమి, బుద్ధి చెప్పితిమి, ప్రార్థించితిమి. మరునాడును పోతిమి. ఆ మరునాడును పోతిమి. వారము దినములు ఒక దినమైనను తప్పలేదు. వీధిలోనివారు మా స్వరము విని గడపలయొద్ద నిలిచి చూచుచుండిరి. శ్రద్ధగల కాపరి చేయవలసినది ఇదియే యని మేము తలంచితిమి. ఎనిమిదవ దినమున అతడు గుమ్మములో నిలువబడి, "అయ్యగారూ, మీరు వచ్చినప్పుడెల్లా వీధి అంతా వచ్చి మా గడపలో నిలబడుచున్నది. నాకు తల ఎత్తుకొనుటకు చోటు లేకుండ పోయినది" అని చెప్పి తలుపు వేసికొనెను. నాలుగు దినములలో అతడు బస్సెక్కి బెంగుళూరు పోయి ఇండ్లు కట్టు పనిలో కూలిగా చేరెననియు, ఎక్కడ నున్నది తల్లికి చెప్పలేదనియు వింటిమి. ఆమె మమ్మును నిందించలేదు. "మీరు మంచికే చెప్పినారు అయ్యగారూ" అనెను. ఆమె తిట్టియుండినయెడల మాకు తేలికగా నుండెడిది.

ఆ మాసమందే మేము పండ్రెండు డేలియా దుంపలు నాటియుంటిమి. ఆ యేడు పూలు మునుపటికంటె బాగుగా రావలెనను ఆశతో ఉదయము రెండు కడవలు, సాయంకాలము రెండు కడవలు నీరు పోయుచుంటిమి. పైనుండి వానయు కురియుచుండెను. ఇరువది దినములైనను ఒక్క మొలకయు కనబడలేదు. ఇంకను నీరు చాలలేదేమో అనుకొంటిమి. మా ఇల్లాలు ఒక పుల్ల తీసికొని మన్ను త్రవ్వి చూచెను. దుంప ఆమె చేతిలో మెత్తగా నలిగిపోయెను, కుళ్లువాసన కొట్టెను. పండ్రెండింటిలో తొమ్మిది అట్లే పోయెను. చూరు క్రింద అంచున నాటిన మూడు మాత్రము, మా కడవ అంతదూరము సరిగా చేరనందువలన, మన్ను చీల్చుకొని మొలక ఎత్తుచుండెను.

"ఆకు రాకముందే దానికి దాహమని మీకు ఎవరు చెప్పినారు?" అని ఆమె అడిగెను.

ఆమె దుంపనుగూర్చియే అడిగెను. మాకైతే ఆ తలుపు మూసిన శబ్దము మరల వినబడినది.

ఆ దుంప యెందుకు కుళ్లినదో తెలిసికొనుట మంచిది. డేలియా మెక్సికో దేశపు కొండసీమలలో పుట్టిన మొక్క. అక్కడ వానకాలములో అది పెరిగి పూయును. ఎండిన చలికాలము వచ్చినప్పుడు పైభాగమంతయు చచ్చి, దుంప మాత్రము పొడినేలలో నిద్రించును. రాబోవు మొలకకు కావలసిన నీరును ఆహారమును ఆ దుంపలోనే దాచబడియుండును. నాటిన దినమున దానికి నీటిని పీల్చు సన్నని వేళ్లు ఇంకను పుట్టియుండవు. అనగా త్రాగుటకు దానికి నోరు లేదు. నోరు లేనిదానికి మనము పోసిన నీరు దాని చుట్టు నిలిచి, గాలి ఆడనీయక, బూజును కుళ్లును పుట్టించును. నేలలో తడి కొంచెముండిన చాలును. ఆ చీకటిలో జరుగవలసిన పని మన కడవతో జరుగదు.

ఆ రాత్రి మేము మార్కు సువార్త నాలుగవ అధ్యాయము తెరచితిమి. అక్కడ ప్రభువు ఒక రైతునుగూర్చి చెప్పుచున్నాడు. వాడు విత్తనము వేసి ఇంటికి పోవుచున్నాడు, రాత్రి పండుకొనుచున్నాడు, తెల్లవారి లేచుచున్నాడు. అట్లు దినములు గడచుచుండగా విత్తనము మొలకెత్తుచున్నది. ఎట్లు మొలకెత్తినదో వానికే తెలియదు. మొదట మొలక, తరువాత వెన్ను, తరువాత వెన్నులో గింజ. ఈ ఉపమానమును మేము ఎన్నియో మారులు బోధించితిమి. అయితే ఆ రైతు నిద్రపోయెనను మాటయొద్ద మేము ఎన్నడును ఆగలేదు. దేవుని రాజ్యమునుగూర్చిన ఉపమానములో ప్రభువు నిద్రపోవు మనుష్యుని పెట్టెను. వాడు సోమరి కాడు. పంట పండినప్పుడు కొడవలి పట్టుకొని వెంటనే వచ్చినవాడు. తన పని ఎక్కడ ముగియునో, దేవుని పని ఎక్కడ మొదలగునో ఎరిగినవాడు గనుక నిద్రపోగలిగెను. మేము ఆ వారములో నిద్రపోలేదు. దేవుడు మొలిపించునను నమ్మిక మాకు తక్కువై, మా కడవమీద నమ్మిక ఎక్కువై యుండెను.

ప్రియులారా, ఈ మాట విని, "ఆలాగైతే త్రాగువానిని త్రాగనిత్తుము, తప్పిపోయినవానిని పోనిత్తుము" అని ఎవరును చేతులు ముడుచుకొనకూడదు. డేలియాను పెంచువానికి చేయుటకు చాల పని ఉన్నది. ఏ పని ఏ కాలమందు చేయవలెనో అదియే తెలిసికొనవలసినది. క్రమముగా చెప్పెదము.

మొదటిది, నాటకముందు దుంపకు కన్ను ఉన్నదో లేదో చూడవలెను. బంగాళాదుంపకు ఒళ్లంతయు కండ్లుండును. డేలియా దుంపకు ఆలాగు లేదు. పాత కాండము అంటుకొనియున్న మెడభాగమునందే దాని కన్ను ఉండును. మెడ విరిగిన దుంప ఎంత లావుగా, నున్నగా నున్నను మొలవదు. మెడ నిలిచిన దుంప వ్రేలంత సన్ననిదైనను మొలచును. కాబట్టి దుంపలను విడదీయునప్పుడు ప్రతి దుంపతోకూడ ఆ మెడముక్క వచ్చునట్లు కత్తిపెట్టి కోయవలెను. మనము కలిసికొను మనుష్యుని విషయములోను అట్లే మొదట చూడవలసినది, అతనిలో దేవునితో అంటుకొనియున్న చోటు ఏది అని. ఆ యువకుడు త్రాగుచుండినను రాత్రి ఏ వేళ వచ్చినను తల్లి తినినదా అని అడిగి తినువాడు. ఆ సంగతి తల్లియే మాకు తరువాత చెప్పెను. అది ఆ దుంపకున్న కన్ను. మేము దానిని చూడక, ఎండిన పైచర్మమును మాత్రమే చూచితిమి.

రెండవది, ఊతకర్రను నాటిన దినముననే పాతవలెను. డేలియా కాండము లోపల బోలుగా నుండును. పువ్వు బరువుకును గాలికిని విరిగిపోవును. మొక్క మూడడుగులు ఎదిగిన తరువాత కర్ర తెచ్చి గుచ్చినయెడల ఆ కర్ర మొనయే మన్నులోని దుంపను చీల్చును. తల్లిదండ్రులారా, ఇది మీకొరకు. బిడ్డలు చిన్నవారై యున్నప్పుడే కుటుంబ ప్రార్థన అను కర్ర ఇంటిలో పాతియుండనీయుడి. అప్పుడది వారిని పొడువదు. వారు దాని ప్రక్కనే పెరిగి, గాలి వచ్చిన దినమున తామే దానిని ఆనుకొందురు. ఇరువది యేండ్ల కుమారునికి అకస్మాత్తుగా కర్ర తెచ్చి గుచ్చిన ఇండ్లను మేము చూచితిమి. కర్రయు నిలువలేదు, కుమారుడును నిలువలేదు.

మూడవది, నాలుగైదు అంగుళముల లోతున దుంపను పండబెట్టి, బాగుగా చివికిన ఎరువు కలిపిన మన్ను కప్పి, మొలక వచ్చువరకు వేచియుండవలెను. వాననీరు నిలువకుండ కాలువ తీయవచ్చును. నత్తలు చేరకుండ చూడవచ్చును. త్రవ్వి చూడకూడదు. యాకోబు తన పత్రికలో (5:7) రైతు ఓపికను మనకు మాదిరిగా పెట్టినది ఇట్టి దినములకొరకే. ఈ దినములలో నిజముగా చేయదగిన పని ప్రార్థన. అది దుంపను తాకదు గాని, దుంపను చేసినవానిని తాకును.

నాలుగవది, మొలక వచ్చి ఆకు విప్పిన తరువాత కాపరి మేలుకొనవలెను. అప్పుడు పాదు తీసి, వారమునకు రెండు మూడు మారులు నిండుగా నీరు కట్టవలెను. అప్పుడు నీరు తప్పినయెడల మొగ్గ రాలిపోవును. నాలుగు జతల ఆకులు వచ్చినప్పుడు తల తుంచవలెను. తుంచినచోట క్రిందనుండి కొమ్మలు పుట్టి మొక్క గుబురగును. మందలించుటకును బుద్ధి చెప్పుటకును ఒక కాలము కలదు. వేరు పట్టిన మొక్క తుంచుటను ఓర్చుకొని దానివలన బలపడును. వేరు పట్టనిది చచ్చును. మనలో చాలమంది దీనిని తలక్రిందులు చేయుదుము. దూరముగా నున్నవానిమీద కడవలు కడవలు గ్రుమ్మరింతుము. వాడు ఒకనాడు సిగ్గుపడుచు వెనుకవరుసలోనికి వచ్చి కూర్చుండినప్పుడు మాత్రము పలుకరించువాడు ఉండడు.

ఆ దుంపలు కుళ్లిన మరునాడు మేము ఒంటరిగా ఆ తల్లియొద్దకు పోయి క్షమాపణ అడిగితిమి. వాక్యము విప్పలేదు. ఆమె ఇంటికప్పు కారుచున్నదని చూచి, పెద్దలతో చెప్పి బాగుచేయించితిమి. కొన్ని వారములకు కుమారుని చిరునామా తెలిసెను. అతనికి చిన్న ఉత్తరము వ్రాసితిమి: నీ తల్లి క్షేమము, ఇంటికప్పు కారుట లేదు, వీధిలో నిన్ను సిగ్గుపరచినందుకు మమ్మును క్షమించుము. అంతే వ్రాసితిమి. మరియొక వాక్యము చేర్చవలెనని చేయి పోయెను గాని ఆపుకొంటిమి. జవాబు రాలేదు. ఆ క్రిస్మసుకు మిగిలిన మూడు మొక్కలు పూచెను. మొదటి పువ్వును బల్లమీద పెట్టక ఆ తల్లికి ఇచ్చితిమి.

మరుసటి యేడు క్రిస్మసు ఆరాధనలో, చెప్పులు విడుచు చోట ద్వారమునకు ఆనుకొని, అతడు కూర్చుండియుండెను. దీవెన చెప్పకముందే లేచిపోయెను. ఒక పెద్ద వెంబడించబోగా మేము చేయి పట్టుకొని ఆపితిమి. మార్చి మాసములో ఆకులు ఎండిన తరువాత మేము కాండములు కోసి దుంపలు పైకి తీయుచుండగా అతడు వచ్చి బావిగట్టుయొద్ద నిలువబడెను. "అయ్యగారూ, ఆ పువ్వు మా అమ్మకు ఇచ్చినది మీరేనట గదా? దాని దుంప ఒకటి ఇచ్చెదరా?" అని అడిగెను. కన్ను ఉన్నవి రెండు ఏరి ఇచ్చితిమి. నీడను ఆరబెట్టి, కోసినచోట బూడిద అద్ది, కుండలో పొడి ఇసుక పోసి దానిలో దాచవలెననియు, సెప్టెంబరులో నాటవలెననియు, ఆకు కనబడువరకు నీరు ఎక్కువ పోయకూడదనియు చెప్పితిమి. "ఆ సంగతి మీకు ఎవరు నేర్పినారు?" అని అడిగెను. "మా ఇంటామెయు, నీవును" అని చెప్పితిమి. అతడు కొంతసేపు నేల చూచి, తరువాత నవ్వెను.

ఆయన అనుమతి తీసికొనియే ఇది వ్రాయుచున్నాము. ఒక మారు అడుగకుండ వీధిలో పెట్టితిమి. రెండవ మారు పెట్టరాదు. ఆయన ఇంకను ప్రతి ఆదివారము రాడు. అప్పు ఇంకను తీరలేదు. త్రాగుట మానితినని ఆయన చెప్పలేదు, మేము అడుగలేదు. గింజ గట్టిపడినదని వ్రాయుటకు మాకు అధికారము లేదు. మొలక కనబడినదని మాత్రము వ్రాయగలము. అది దేవుని పని.

మీలో కొందరు, "మేము ఎన్నో యేండ్లుగా కనిపెట్టుచున్నాము, ఇంకను మొలక కనబడలేదు" అని చెప్పుదురు. మీకొరకు ఈ పువ్వు పేరునుగూర్చి యొక మాట. 1789లో మెక్సికో నగరపు వృక్షోద్యానమును చూచుకొను విసెంతే సెర్వాంతెస్ అను నతడు ఈ మొక్కను స్పెయిను దేశములోని మాడ్రిడ్ రాజోద్యానమునకు పంపెను. అక్కడ కవనిల్లెస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1791లో దీనికి డేలియా అని పేరు పెట్టెను. అది స్వీడను దేశస్థుడైన ఆండర్స్ డాల్ అను వృక్షశాస్త్రజ్ఞుని జ్ఞాపకార్థము పెట్టిన పేరు. ఆ డాల్ 38 యేండ్ల ప్రాయముననే 1789లో చనిపోయియుండెను. ఈనాడు లోకమంతట ఇండ్లముందర తన పేరు పూయునని ఆయనకు తెలియదు. 1963లో మెక్సికో ఈ పువ్వునే తన జాతీయ పుష్పముగా ప్రకటించినదియు ఆయన చూడలేదు. ఒకడు చేసిన పనికి ఫలము అతని కన్ను మూసిన తరువాత వచ్చుట దేవుని లోకములో వింత కాదు. పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు (1 కొరింథీ 3:6–7) నాటువానికిని నీరు కట్టువానికిని తమ తమ పని అప్పగించి, పెరుగుదలను మాత్రము దేవుని చేతిలోనే ఉంచెను. మన కుమారుని, మన కుమార్తెను, మన పొరుగువానిని మనము ఆ చేతిలో ఉంచలేమా?

కాబట్టి ఈ మాసము ఒక పని చేయుదము. ఎవరినిగూర్చి మనము మిక్కిలి మాటలాడితిమో, ఆ యొక పేరు కాగితముమీద వ్రాసి బైబిలులో పెట్టుకొందము. నెల దినములు ఆ మనుష్యునితో మాటలాడుటకంటె ఆ మనుష్యునిగూర్చి దేవునితో ఎక్కువ మాటలాడుదము. వారి ఇంటికప్పు కారుచున్నదేమో చూతము. మొలక కనబడిన దినమున నిండు కడవతో సిద్ధముగా నుందము.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా తొందరను క్షమించుము. మేము కప్పిన మన్ను క్రింద నీవు చేయుచున్న పనిని నమ్మి నిద్రించుటకు మాకు కృప దయచేయుము. నీవు లేపిన మొలకను చూచిన ఉదయమున మేము నిద్రపోకుండ కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.